రైఫిల్ తూటా తారాజువ్వ కాదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్నటి ఆదివారం అనుబంధంలో జమీందారుల కాలం నాటి వేట తుపాకుల మీద వచ్చిన వ్యాసం చదివాను. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ తూటాలో మందు ఎంత గట్టిగా కూరితే దెబ్బ అంత గట్టిగా ఉంటుందని అందులో రాశారు. అది తప్పు, ప్రమాదకరమైన తప్పు. మన కోనసీమలో తారాజువ్వలు, చిచ్చుబుడ్లు ఇంట్లోనే కూరుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. లంక పొలాల్లో అడవి పందుల బెడద ఉంది. తాతల నాటి తూటాలు కొన్ని ఇళ్లలో పెట్టె అడుగున పడి ఉన్నాయి. ఆ మాట చదివి ఏ కుర్రాడైనా పాత తూటా విప్పి కొత్త మందు కూరతాడేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

నేను డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పి రిటైరయ్యాను. మా నాన్నగారు ఒక దివాణంలో తుపాకుల గది చూసేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక ఆ గదికి తాళం పడింది. ఈ రెండు దారుల్లోనూ తెలిసిన విషయం కాబట్టే రాస్తున్నాను.

జువ్వలోనూ నాటు తుపాకీలోనూ ఉండేది నల్లమందు. సూరేకారం, గంధకం, బొగ్గు కలిపింది. నాటు తుపాకీలో దాన్ని దట్టించి తీరాలి. మందుకీ గుండుకీ మధ్య ఖాళీ ఉంటే తుపాకీ గొట్టం ఉబ్బవచ్చు, పగలవచ్చు కూడా. రైఫిల్ తూటాలోది వేరే జాతి మందు. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన, పొగ అంతగా రాని మందు. నాన్నగారు ఒకసారి పాడైన తూటాలోంచి తీసిన కార్డైట్ అనే ఆ జాతి మందు చూపించారు, అచ్చం సేమ్యాలా పోగులు పోగులుగా ఉంది. ఆరుబయట అంటిస్తే అది ఊరికే మండుతుంది, పేలదు. తూటా ఇత్తడి గొట్టంలో బిగించాక అలా కాదు. ఒత్తిడి పెరిగితే మండే వేగం పెరుగుతుంది, వేగం పెరిగేసరికి ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. మందు కొద్దిగా ఎక్కువైనా, మందు రకం మారినా, గుండు ఉండాల్సిన దానికంటే లోపలికి దిగినా లెక్క తప్పుతుంది. ఆ ఒత్తిడిని ఆపేది బోల్టు, అంటే తూటా వెనక రైఫిల్‌ను మూసే ఉక్కు కడ్డీ. అది పేల్చేవాడి కంటికి జానెడు దూరంలో ఉంటుంది.

పెద్ద వేట తూటాల్లో గుండు అడుగుభాగం మందును నొక్కుతూ కూర్చునేవి ఉన్నమాట నిజమే. వ్యాసకర్త దాన్నే విని ఉంటారు. అయితే అక్కడ నొక్కడం బలం కోసం కాదు, చోటు చాలక. నెమ్మదిగా మండే మందును ఎంచి, ఒత్తిడి కొలిచే పరికరంతో పరీక్షించి తేల్చిన కొలత అది. అంత చేసినా చిక్కులు తప్పలేదు. అమెరికాలో 1956లో .458 విన్‌చెస్టర్ మాగ్నమ్ అనే పెద్ద వేట తూటా వచ్చింది. మామూలు బోల్టు రైఫిల్లో పట్టాలని దాని ఇత్తడి గొట్టాన్ని రెండున్నర అంగుళాలకు కుదించారు. 500 గ్రెయిన్ల గుండును, అంటే సుమారు 32 గ్రాములది, ఏనుగును ఆపేంత వేగంతో పంపడానికి సరిపడా మందు పట్టాలంటే నొక్కక తప్పలేదు. కొన్ని తూటాల్లో ఆ మందు ముద్దకట్టింది, సరిగా అంటుకోలేదు, గుండు వేగం పడిపోయింది. గట్టిగా కూరినందుకు దెబ్బ తగ్గిందన్నమాట! జాక్ లాట్ అనే వేటగాడు 1959లో మొజాంబిక్‌లో ఆ తూటాలతోనే దున్నను కొట్టి, దాని చేతిలో గాయపడ్డాడు. తర్వాత ఆయన చేసిన మార్పు మందు ఇంకా నొక్కడం కాదు, తూటా ఇత్తడి గొట్టం పొడవు పెంచడం. అదే 1971 నాటి .458 లాట్ తూటా.

మన ఎండల సంగతి వ్యాసంలో అసలే లేదు. కార్డైట్ వేడెక్కితే ఒత్తిడి పెరుగుతుంది. అందుకే ఇంగ్లండు కంపెనీలు ఉష్ణదేశాలకు కాస్త తక్కువ మందు పోసిన తూటాలు వేరుగా చేసేవి. 1911లో వచ్చిన .416 రిగ్బీ అనే వేట తూటాకి అంత పెద్ద ఇత్తడి గొట్టం పెట్టడానికీ ఇదే కారణం, లోపల చోటు ఎక్కువుంటే ఒత్తిడి తగ్గుతుందని. మే నెలలో నాన్నగారు తూటాల పెట్టెను ఎండ సోకనిచ్చేవారు కాదు. జీపులో మర్చిపోయినందుకు ఒక డ్రైవరును తిట్టిన తిట్లు నాకింకా గుర్తే.

కార్డైట్ ఎల్లకాలం నిలిచేది కాదు. వేడికీ తేమకీ ఏళ్లు గడిచేకొద్దీ విచ్చిపోతుంది, ఆమ్లపు వాయువులు వదులుతుంది. డెల్టా గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. ఇత్తడి పచ్చబడి, నెర్రెలిచ్చిన తూటా కనిపిస్తే దాన్ని విప్పవద్దు, కొట్టవద్దు, ఎండబెట్టవద్దు. బాణసంచా మందు దాంట్లో పోయడం ఆత్మహత్యతో సమానం. పందుల గురించి ఫారెస్టు వాళ్లకు అర్జీ పెట్టుకోవాలి, అనుమతి లేకుండా కాల్చడం నేరం.

లైసెన్సు లేకుండా తూటా తయారు చేయకూడదని 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 చెబుతోంది. వారసత్వంగా వచ్చిన తూటాలకు లైసెన్సు లేకపోతే దగ్గరి పోలీస్ స్టేషన్లో అప్పగించాలని సెక్షన్ 21 ఉంది. అప్పగించడానికి వెళ్తే ఏమవుతుందో కూడా రాయాలి. మా అన్నయ్య పోయాక మా వదిన ఇంట్లో దొరికిన పెట్టె సంగతి చెప్పడానికి స్టేషనుకు వెళ్తే, ముందు ఎక్కడివో తేల్చమని కూర్చోబెట్టి, ఆరోజుకి పంపించేశారు. మళ్లీ రమ్మన్నారు, మళ్లీ అదే ప్రశ్న. డెబ్బై ఏళ్ల మనిషిని నేరం చేసినట్టు నిలబెడితే పక్కింటివాళ్లు తమ పెట్టె సంగతి నోరెత్తి చెబుతారా? చెప్పరు. కాలువలో పారేస్తారు, లేదా పందుల వేటగాళ్లకు ఇచ్చేస్తారు.

కాబట్టి రెండు విన్నపాలు. ఆ వాక్యం తప్పని వచ్చే ఆదివారం అదే పేజీలో వేయండి. పాత తూటాలు తెచ్చి ఇచ్చేవాళ్లను వేధించకుండా, రసీదు ఇచ్చి తీసుకునేలా మండలానికో రోజు పెట్టమని జిల్లా అధికారులను మీ పత్రిక తరఫున అడగండి. ఆ రోజున మా వదినను నేనే ఆటోలో తీసుకువెళ్తాను. పెట్టెను మాత్రం పోలీసులే ఇంటికొచ్చి పట్టుకెళ్లాలి, గోతుల రోడ్డు మీద మేం మోసుకెళ్లేది కాదు.

– విశ్రాంత కెమిస్ట్రీ లెక్చరర్, అమలాపురం