ఎంట్రీ ఫారంలో ఒక గడి

సంపాదకులకు నమస్కారం.

తెనాలి చుట్టుపక్కల ప్రభుత్వ హైస్కూళ్లలో ఇరవై ఎనిమిదేళ్లు పీఈటీగా, అంటే డ్రిల్లు టీచరుగా చేసి రిటైరయ్యాను. మా అమ్మాయి రెండో కాన్పుకని నవంబరులో న్యూజెర్సీ వచ్చాను. పసివాడు పడుకున్నాక ఈ చలిలో ఏం తోచక కూర్చుంటే, పక్కింటావిడ ఒకరోజు మొహమాటానికి ‘మా అమ్మాయి మ్యాచ్ ఉంది, వస్తారా’ అంది. వాళ్లు యూదులు. ఆ పిల్ల పదకొండో తరగతి, యూదుల హైస్కూలు బాస్కెట్‌బాల్ టీమ్‌లో పాయింట్ గార్డు, అంటే బంతి తీసుకెళ్తూ ఆట నడిపించే పిల్ల. ఆ తర్వాత సొంత కోర్టులో వాళ్లాడిన మ్యాచ్ ఒక్కటీ నేను వదల్లేదు. ఫిబ్రవరి ఆఖరుకి ఆ పిల్లలు లీగ్ ఛాంపియన్లయ్యారు. వాళ్లను చూసినప్పుడల్లా మన దగ్గర జరిగిన ఒక పాత సంగతి గుర్తొస్తూ ఉంది. అందుకే ఈ ఉత్తరం.

శుక్రవారం పొద్దు గుంకింది మొదలు శనివారం చీకటి పడేదాకా వాళ్లు ఆడరు. సబ్బాతు, అంటే వాళ్లకు వారానికోసారి వచ్చే పవిత్రమైన విశ్రాంతి దినం. మన దగ్గర బైబిలు చదివేవాళ్లకు తెలిసిన మాటే గానీ, ఇంత గట్టిగా పాటించడం నేను చూడటం ఇదే మొదలు. కారెక్కరు, స్విచ్ ముట్టుకోరు, ఫోను పక్కన పడేస్తారు. డిసెంబరులో ఇక్కడ నాలుగున్నరకే పొద్దు పోతుంది కాబట్టి శుక్రవారం బడి కూడా పెందలాడే వదిలేస్తారు. న్యూయార్క్, న్యూజెర్సీ యూదు బడులకు సొంత లీగ్ ఉంది కనుక పేచీ లేదు. మ్యాచ్‌లన్నీ మామూలు రోజుల్లో సాయంత్రాలు, ఆదివారాలు, కాదంటే శనివారం రాత్రి. (మా తెనాలి నుంచి ఎంతో దూరం లేని చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిం అనే తెలుగు యూదులున్నారని చెబితే పక్కింటావిడ ముందు నమ్మలేదు. ఫొటోలు చూపించాక ఆ రాత్రే వాళ్ల అన్నయ్యకు ఫోన్ చేసి చెప్పింది.)

డ్రెస్సు చూసి మొదటిరోజు నాకు నవ్వొచ్చింది. కాళ్లకు లెగ్గింగ్స్, పైన మోకాళ్లు దాటే నల్ల స్కర్టు, జెర్సీ లోపల పొడుగు చేతుల టీషర్టు. ఇదేసుకుని ఏం పరిగెడతారులే అనుకున్నా. మా పాయింట్ గార్డు ఎదుటి పిల్లను ఎడమకు ఊరించి, గిరుక్కున కుడికి తిరిగి బుట్ట దగ్గరికి ఎగిరి లేఅప్ వేసేసరికి ఆ స్కర్టు గొడుగులా విచ్చుకుని మూసుకుంది. నా నవ్వూ మూసుకుంది. ఎందుకంటే తొమ్మిదో తరగతిలో నిక్కరు వేసుకోలేక ఆట మానేసిన ఆడపిల్లలు నా సర్వీసులో చాలామంది. ‘ఆటంటే ఆటే, నిక్కరు వేసుకోవాల్సిందే’ అన్నదాన్ని నేనే. ట్రాక్ ప్యాంటు వేసుకోనిచ్చి ఉంటే పోయేదేముంది?

అసలు ఆడవాళ్ల బాస్కెట్‌బాల్‌కు తల్లి అని పేరుపడిందే ఒక యూదు డ్రిల్లు టీచరు. పేరు సెండా బెరెన్సన్. లిథువేనియాలో పుట్టి, చిన్నపిల్లగా బోస్టన్ వచ్చింది. నైస్మిత్ ఈ ఆట కనిపెట్టింది 1891 డిసెంబరులో. రెండేళ్లు తిరక్కుండానే ఈవిడ స్మిత్ కాలేజీలో అమ్మాయిలకు పెట్టేసింది. అప్పటి పెద్దలు ఏమంటారో తెలుసు కాబట్టి కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి భాగంలో వాళ్లు ఆడాలంది. బంతి లాక్కోకూడదంది. 1893 మార్చిలో జరిగిన అమ్మాయిల మొదటి కాలేజీ మ్యాచ్‌కి మగవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆట మొదలెడుతూ ఈవిడ బంతి ఎగరేస్తే చెయ్యి తగిలి ఒక పిల్ల భుజం జారిందట! అయినా ఆట ఆగలేదు. ఈ కథ మా ట్రైనింగ్ కాలేజీలో మాకెవరూ చెప్పలేదు. నైస్మిత్ పేరు మాత్రం పరీక్షకు బట్టీ పట్టించారు.

ఇక నా పాత సంగతి. 1998 డిసెంబరు ఆఖరు, రంజాను నెల. జిల్లా స్థాయి సెమీఫైనల్. మా కెప్టెన్ ముస్లిం పిల్ల, రోజా (పగలంతా ఉపవాసం) ఉంది. మా మ్యాచ్ సాయంత్రం ఐదింటికి వేశారు. పదకొండు గంటలకు ఆడే రెండో సెమీఫైనల్‌తో మార్చుకుంటామని అడిగాను. ఆ రెండు టీమ్‌ల మాస్టార్లూ సరేనన్నారు. నిర్వహించే పెద్దమనిషి కుర్చీలోంచి లేవకుండానే ‘ఒక్క పిల్ల కోసం ఫిక్చర్ మార్చమంటారేంటమ్మా’ అన్నాడు. తెల్లారుజామున తిన్న మెతుకులతో ఆ పిల్ల మొదటి సగంలో పద్నాలుగు పాయింట్లు వేసింది. రెండో సగంలో కాళ్లు ఆడలేదు. మసీదులోంచి అజాన్ వినపడగానే టైమ్‌అవుట్ అడిగాను. నిమిషం. ఒక ఖర్జూరం, రెండు గుక్కల నీళ్లు. గింజ ఉమ్మడానికి కూడా టైము లేక బుగ్గనే పెట్టుకుని కోర్టులోకి పరిగెత్తింది. రెండు పాయింట్లతో ఓడిపోయాం. మరుసటి ఏడాది ఆ పిల్ల టీమ్‌కి రాలేదు. నేనూ వెళ్లి పిలవలేదు.

ఇలాంటి పేచీ అమెరికాలోనూ జరిగింది. 2012లో హ్యూస్టన్‌లోని బెరెన్ అకాడమీ అనే యూదు బడి కుర్రాళ్లు టెక్సాస్ ప్రైవేటు స్కూళ్ల పోటీల్లో సెమీస్‌కి వస్తే, మ్యాచ్ శుక్రవారం రాత్రికి పెట్టారు. మార్చమంటే కుదరదన్నారు. తల్లిదండ్రులు కోర్టుకెక్కాక అదే రోజు మధ్యాహ్నానికి జరిపారు. కుర్రాళ్లు గెలిచి, శనివారం రాత్రి ఫైనల్లో నాలుగు పాయింట్లతో ఓడారు. ఓడితే ఓడారు, ఆడి ఓడారు. డ్రెస్సు గొడవైతే మనవాళ్ల దాకా వచ్చింది. 2014లో చైనాలోని వుహాన్‌లో మన ఇండియా టీమ్‌లోని సిక్కు ఆటగాళ్లు అమృత్‌పాల్ సింగ్‌ను, అమ్‌జ్యోత్ సింగ్‌ను తలపాగాలు తీసి ఆడమన్నారు. తలకు ఏదీ కట్టుకోకూడదన్న ఆ రూలును ఫిబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం) మార్చింది 2017లో.

ఫైనల్ శనివారం రాత్రి ఎనిమిదిన్నరకు. నేను కారు కోసం ముందే పక్కింటికి వెళ్లాను. సబ్బాతుకు వీడ్కోలు చెప్పే పూజలాంటిది చేస్తున్నారు. జడలా అల్లిన కొవ్వొత్తి ఆ పిల్ల చేతికిచ్చారు. ఎంత ఎత్తున పట్టుకుంటే అంత పొడుగు మొగుడొస్తాడట. రీబౌండ్‌కి ఎగిరినట్టు మునివేళ్ల మీద లేచి పట్టుకుంది. ఒక వెండి డబ్బీ చేతులు మారుతూ నా దాకా వచ్చింది, మూత తీస్తే లవంగాల వాసన. చివర్లో కొవ్వొత్తిని ద్రాక్షరసంలో ముంచితే చుయ్‌మంది. ఆ శబ్దం కోసమే కాచుకున్నట్టు ఆ పిల్ల బూట్ల కోసం ఉరికింది. తండ్రి కారు తాళాలు తీశాడు. మూడు పాయింట్లతో గెలిచారు.

నేను కోరేది చిన్నది. మన జిల్లా, రాష్ట్ర టోర్నమెంట్ల ఎంట్రీ ఫారంలో వయసు, తరగతి, పుట్టుమచ్చలు అన్నీ అడుగుతారు. ఇంకొక్క గడి పెట్టండి: ‘మీ పిల్లలు ఆడలేని రోజు, వేళ ఉందా? ఏ డ్రెస్సులో ఆడతారు?’ ఫిక్చర్ వేసేముందు అది చూడండి. అందరికీ కుదరకపోవచ్చు, లైట్లు లేని గ్రౌండ్లలో నాకా బాధ తెలుసు. ముందు అడగడం అంటూ ఉండాలిగా.

మే నెలలో ఊరొస్తున్నాను. మా కాలం స్టెన్సిల్ ఫారాలు బీరువాలో ఇంకా ఉన్నాయి. కావాలన్నవాళ్లకు ఆ గడి గీసి నమూనా నేనే ఇస్తాను.

– ఒక విశ్రాంత పీఈటీ, తెనాలి (ప్రస్తుతం న్యూజెర్సీ)