కరాచీ వార్తకు సవరణ ఎప్పుడు వేస్తారు?

సంపాదకులు గారికి,

2025 మేలో పాకిస్తాన్‌తో యుద్ధం జరిగిన రోజుల్లో పుకార్ల గురించి మీరు పోయిన ఆదివారం వేసిన వ్యాసం కాస్త ఆలస్యంగా చదివాను. తప్పంతా వాట్సాప్‌లో ఫార్వర్డ్ చేసేవాళ్లదేనట! మే 8 రాత్రి టీవీ ముందు కూర్చున్నవాళ్లెవరూ ఈ మాట ఒప్పుకోరు. మన యుద్ధనౌక ఐఎన్ఎస్ విక్రాంత్ కరాచీ రేవును నేలమట్టం చేసిందన్నారు, ఇస్లామాబాద్‌లోకి మన సైన్యం వెళ్లిపోయిందన్నారు, పాక్ సైన్యాధిపతి మునీర్‌ని అరెస్ట్ చేశారన్నారు. తెల్లారేసరికి అవేమీ లేవు. మే 11న నౌకాదళ అధికారి స్వయంగా, కరాచీతో సహా లక్ష్యాలను కొట్టడానికి సిద్ధంగా ఉన్నామని చెప్పారు. సిద్ధంగా ఉన్నామంటే కొట్టలేదనే కదా. మరి మన యాంకర్లు ఆ రాత్రి ఏ కరాచీని తగలబెట్టినట్టు?

జమ్మూకాశ్మీర్‌లోని పూంచ్‌లో పాక్ షెల్లింగ్‌కి చనిపోయిన ఒక మదర్సా ఉపాధ్యాయుడిని కొన్ని చానళ్లు ఉగ్రవాదిగా చూపించాయి. అది అబద్ధమని అక్కడి పోలీసులే చెప్పాల్సి వచ్చింది. ఆ ఇంట్లో శవం ఉండగానే ఈ మాటలు విన్నవాళ్ల పరిస్థితి ఏమిటో ఒక్కసారి ఊహించుకోండి. మన గోరంట్ల మండలం కుర్రాడు, జవాను మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణం వదిలిందీ ఆ రోజుల్లోనే, మే 9న. స్టూడియోలో కూర్చుని యుద్ధం గెలిచేసినవాళ్లకు ఇవన్నీ ఏం పట్టాయి.

దీని ఫలితం మన దగ్గరా చూశాం. దేశ విభజనప్పుడు ఇల్లూ వాకిలీ వదులుకుని వచ్చిన సింధీ కుటుంబం 1953లో హైదరాబాద్‌లో పెట్టిన కరాచీ బేకరీ మీద పడ్డారు. శంషాబాద్‌లో బోర్డు మీద దాడి, విశాఖలో పేరు మార్చమని గొడవ. రేవు దొరకలేదు, బిస్కట్ల కొట్టు దొరికింది!

ఇక ప్రభుత్వం సంగతి. ఎక్స్‌లో 8,000కు పైగా ఖాతాలు ఆపమని ఆదేశాలిచ్చారు, చానళ్లకేమో సైరన్ మోతలు వాడొద్దని ఒక సలహా పారేసి ఊరుకున్నారు. మామూలు జనం ఒక పోస్టు పెడితే కేసు, రాత్రంతా అబద్ధం చదివినవాళ్లకు మాత్రం బుజ్జగింపు. ఏ అధికారినైనా అడిగి చూడండి, పరిశీలిస్తున్నాం అంటారు. కరెంటు పోయినా అదే మాట, రోడ్డు కుంగినా అదే మాట.

చివరిగా మీ సంగతి. ఆ రాత్రి మీ వెబ్‌సైట్‌లో కూడా కరాచీ వార్త పెద్ద అక్షరాల్లో వచ్చింది. పొద్దున్నకి చడీచప్పుడు లేకుండా తీసేశారు. సవరణ మాత్రం ఇంతవరకు లేదు. అంత పెద్ద అక్షరాల్లోనే వేయండి. స్క్రీన్‌షాట్ మా అబ్బాయి దగ్గర ఉంది, కావాలంటే పంపిస్తాను.

ఇట్లు,
మీ పాఠకుడు, గుంటూరు