నాయనమ్మకి, షియాన్ నుంచి

నాయనమ్మా,

నమస్కారాలు. మోకాళ్ళ నొప్పి తగ్గిందని నాన్న అన్నాడు. నాన్న మాట నేను నమ్మను, నువ్వే చెప్పాలి. ఇక్కడ చలి మొదలైంది. నువ్వు పంపిన కందిపొడి అయిపోవచ్చింది.

ఫోన్‌లో అడిగావు కదా, "ఆ చైనా వాళ్ళు ఎవరికి దండం పెట్టుకుంటారే?" అని. అది ఫోన్‌లో తేలే సంగతి కాదు. ఉత్తరమైతే కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకుంటావని తీరిగ్గా రాస్తున్నాను.

గుళ్ళున్నాయి, బుద్ధుడున్నాడు, తావో మతం దేవతలున్నారు. కానీ వీళ్ళ పాతకాలంలోకి వెళ్ళేకొద్దీ అసలు దేవుళ్ళు ఇంటి పెద్దలే అనిపిస్తుంది. సృష్టి ఎవరు చేశారు, మోక్షం ఎలా వస్తుంది అని మనవాళ్ళు వాదించుకున్నంతగా వీళ్ళు వాదించుకోలేదు. పోయినవాళ్ళకి మనం ఏం బాకీ, ఎంతకాలం బాకీ అన్నదాని మీద మాత్రం వందల ఏళ్ళు తగువులాడుకున్నారు.

సెలవుల్లో హెనాన్ రాష్ట్రంలో ఆన్యాంగ్ అనే ఊరు వెళ్ళాను. మూడు వేల ఏళ్ళ కిందట షాంగ్ రాజుల రాజధాని అక్కడే ఉండేది. మ్యూజియంలో తాబేటి పొట్ట చిప్పలు, ఎద్దు భుజం ఎముకలు వరసగా పెట్టారు. దగ్గరకెళ్ళి చూస్తే వెనకవైపు చిన్న చిన్న గుంటలు తొలిచి, కాల్చిన మచ్చలు కనిపిస్తాయి. ఆ గుంటలో నిప్పు ఆనిస్తే ముందువైపు చిటుక్కున బీట పడుతుంది. ఆ బీటని బట్టి రాజు జోస్యం చెప్పేవాడు. తర్వాత అడిగిన ప్రశ్న ఆ చిప్ప మీదే చెక్కేవాళ్ళు. ఇలాంటి ముక్కలు ఇప్పటిదాకా లక్షన్నర పైనే దొరికాయట. అంతకుముందు పల్లెటూళ్ళ వాళ్ళు వీటిని డ్రాగన్ ఎముకలని మందుల కొట్లకి అమ్మేసేవాళ్ళు, జనం నూరుకుని మింగేసేవాళ్ళు. 1899లో వాంగ్ యీరోంగ్ అనే పండితుడు వాటి మీదున్నవి అక్షరాలని పోల్చుకున్నాడు. ఈలోగా ఎంత చరిత్ర కషాయమైపోయిందో!

ప్రశ్నలు చదివితే నవ్వొస్తుంది, జాలీ వేస్తుంది. వాన పడుతుందా? ఈ యుద్ధానికి వెళ్ళొచ్చా? వూ డింగ్ అనే రాజుకి పన్ను నొప్పి వచ్చింది. ఇది పోయిన మా నాన్న పెడుతున్న బాధా, కాదా అని అడిగించాడు. ఆయన రాణుల్లో ఒకావిడ ఫూ హావ్. 13,000 మంది సైన్యంతో యుద్ధానికి వెళ్ళిన మనిషి. ఆవిడ కాన్పు గురించీ అడిగారు. ఫలానా రోజుల్లో అయితే శుభం అన్నాడు రాజు. 31 రోజుల తర్వాత వేరే రోజున కాన్పయింది. కింద ఏం చెక్కారో తెలుసా? "మంచి జరగలేదు. ఆడపిల్ల." నువ్వు చదివి ఏమంటావో ఇక్కడికే వినిపిస్తోంది. ఆవిడ సమాధి దొంగల చేతికి చిక్కకుండా 1976లో బయటపడింది. తవ్వించింది కూడా ఒక ఆడ మనిషే, జెంగ్ జెన్‌షియాంగ్. కంచు, పచ్చరాయి వస్తువులు, వేలకొద్దీ గవ్వలు ఉన్నాయి. వాటితోపాటు, ఆవిడకి తోడుగా చంపి పూడ్చిన 16 మంది ఎముకలు కూడా. పెద్దల మీద భక్తి అంటే ఆ రోజుల్లో ఇదీ ఉంది, దాచి రాయడం ఎందుకు.

తర్వాత జౌ వంశం వచ్చి షాంగులని కూలదోసింది. రాజ్యం ఆకాశం ఇచ్చేది, రాజు తప్పు చేస్తే ఆకాశమే లాగేసుకుంటుంది అని వాళ్ళు ప్రచారం చేశారు. గెలిచినవాడికి అనుకూలమైన మాటే గానీ, ఆ తర్వాత ఏ రాజూ దాన్ని తప్పించుకోలేకపోయాడు.

ఇక కన్ఫ్యూషియస్. క్రీ.పూ. 551లో పుట్టినవాడు. నేను మన సుమతీ శతకం లాంటి నీతులు చెప్పే ముసలాయన అనుకునేదాన్ని. చదివితే వేరే మనిషి. దెయ్యాలకీ ఆత్మలకీ సేవ ఎలా చెయ్యాలని శిష్యుడు అడిగితే, బతికున్న మనుషులకే చెయ్యలేకపోతుంటే వాళ్ళకేం చేస్తావు అన్నాడు. అలాగని పూజలు మానెయ్యమనలేదు. పెద్దలకి నైవేద్యం పెట్టేటప్పుడు వాళ్ళు ఎదురుగా ఉన్నట్టే పెట్టాలనేవాడు.

నీకు చెప్పాలనుకున్న అసలు కథ ఇది. అప్పట్లో తల్లో తండ్రో పోతే మూడో ఏడు దాకా మైల పట్టాలి. జాయ్ వో అనే శిష్యుడు వచ్చి, అంతకాలం ఎందుకండీ, అన్ని పనులూ ఆగిపోతాయి, పాత ధాన్యం అయిపోయి కొత్త పంట వచ్చేసరికి ఏడాది అవుతుంది కదా, అది చాలు అన్నాడు. గురువు అడిగాడు: "ఏడాదికే వరి అన్నం తిని పట్టుబట్టలు కడితే నీ మనసుకి బాగానే ఉంటుందా?" (ఈ ప్రాంతంలో అప్పట్లో వరి అన్నం కలవారిదే, మామూలు జనానికి కొర్రలే.) జాయ్ వో తడుముకోకుండా "ఉంటుంది" అన్నాడు. "ఉంటే అలాగే చెయ్యి" అన్నాడు గురువు. వాడు బయటికి వెళ్ళాక మిగతావాళ్ళతో అన్నాడట, బిడ్డ మూడేళ్ళు అమ్మానాన్నల చంక దిగడు, వీడు ఆ మూడేళ్ళ ప్రేమ ఎరగడా అని.

తాతయ్య తద్దినానికి నువ్వూ బాబాయీ పడ్డ గొడవ గుర్తొచ్చింది. ఈ తంతు మానేసి ఆ డబ్బుతో అనాథాశ్రమంలో భోజనాలు పెడదామని బాబాయి, నేను బతికుండగా కుదరదని నువ్వు. ఇక్కడ బాబాయి పక్షాన మోజి అనే ఆయన ఉండేవాడు. ఘనంగా పూడ్చిపెట్టడం, ఏళ్ళ తరబడి ఏడవడం వల్ల బతికినవాళ్ళు బీదవాళ్ళవుతున్నారని పెద్ద వ్యాసమే రాయించాడు. నాకు మాత్రం జాయ్ వో నచ్చాడు. గురువు ముఖం మీదే ఉన్నమాట చెప్పాడు. గురువు కూడా బలవంతం చెయ్యలేదు, కాకపోతే వెనకాల తిట్టకుండా ఉండలేకపోయాడు.

జువాంగ్‌జి అని ఇంకొకాయన ఉన్నాడు, మన వేమన ఈయన పక్కన కూర్చుంటే పొద్దుపోయేదాకా నవ్వుకునేవాళ్ళు. భార్య పోతే గిన్నె బోర్లించి వాయిస్తూ పాడుతున్నాడట. పరామర్శకి వచ్చిన స్నేహితుడు తిట్టాడు. మొదట నాకూ ఏడుపొచ్చింది, కానీ ఆవిడ పుట్టకముందు ఎక్కడుందో అక్కడికే వెళ్ళింది, రుతువులు మారినట్టు, అన్నాడు. తను పోయేముందు శిష్యులు ఘనంగా సమాధి కడతామంటే వద్దన్నాడు. బయట వదిలేస్తే కాకులు తింటాయి గురువుగారూ అన్నారు. భూమిలో పెడితే చీమలు తింటాయి, కాకుల నోటి దగ్గరది లాగి చీమలకి పెట్టడం ఏం న్యాయం అన్నాడు. పిండం కాకి ముట్టేదాకా గుమ్మంలో నిలబడే నువ్వు ఆయనతో ఏం మాట్లాడేదానివో!

మా ఊరి దగ్గరే చిన్ షీ హువాంగ్ చక్రవర్తి సమాధి ఉంది. 1974లో బావి తవ్వుతున్న రైతులకి దొరికిన మట్టి సైనికులు అక్కడివే. చావు రాకుండా మందు కోసం మనుషుల్ని సముద్రాల మీదికి పంపినవాడు, చివరికి క్రీ.పూ. 210లో దారిలోనే పోయాడు. ఆ బొమ్మల ముఖాలు ఒకదానికొకటి పోలవు. అంతకుమించి ఆయన గురించి రాయబుద్ధి కావట్లేదు.

ఇప్పటి సంగతి కూడా చెబుతాను. పదో నెల పాడ్యమి రాత్రి ఇక్కడ పోయినవాళ్ళకి చలిబట్టలు పంపే పండగ. చాలా ఏళ్ళలో మన దీపావళికీ దానికీ ఒక్కరోజే తేడా. మా సందు మలుపులో ఒకావిడ, నీ వయసే, సుద్దముక్కతో నేల మీద గుండ్రంగా గీసి ఒకవైపు కాస్త ఖాళీ వదిలింది. లోపల కాగితం కోట్లు, కాగితం నోట్లు పెట్టి కాల్చింది. వేరే ఆత్మలు ఎత్తుకుపోకుండా ఆ గీత, వాళ్ళవాళ్ళు రావడానికి ఆ ఖాళీ. నాలుగు కాగితాలు మాత్రం గీత బయట వేసింది. ఎవరూ లేనివాళ్ళకట. పొగ అని చాలా నగరాల్లో ఒప్పుకోవడం లేదు, అయినా చీకటి పడ్డాక చేస్తూనే ఉంటారు.

వంటింటి దేవుడి గురించి కూడా చెప్పాలి. ఏడాది చివర్లో ఆయన పైకి వెళ్ళి ఇంట్లోవాళ్ళ మీద చాడీలు చెబుతాడని, పళ్ళకి అంటుకునే జీళ్ళు పెడతారు. నోరు తెరవకుండా!

ఇంకోమాట. మన అమరావతి ప్రాంతాన్ని చూసి ధాన్యకటకం అని రాసుకున్న హుయాన్‌త్సాంగ్ తిరిగొచ్చి గ్రంథాలు దాచుకున్న గోపురం ఈ ఊళ్ళోనే ఉంది. 652లో కట్టింది. నువ్వొస్తే మెట్లెక్కలేవు గానీ కింద కూర్చోబెడతాను.

తాతయ్య తద్దినం ఈసారి ఏ తారీఖున వచ్చిందో నాన్నని అడిగి చెప్పించు. సెలవు పెట్టుకుంటాను. బాబాయికి జాయ్ వో కథ చదివి వినిపించు, చివరి ముక్క వదిలెయ్యకుండా.

నీ మనవరాలు