బండి బాగానే ఉంది, కాగితమే కదలడం లేదు

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇచ్చిన అర్జీలకు జవాబు లేక, నలుగురూ చదివేటట్లు ఈ లేఖ రాస్తున్నాను. మాది ఒడిశాలోని గజపతి జిల్లా, పర్లాకిమిడి పక్కన. ఇంట్లో తెలుగు, బజారులో ఒడియా. పిల్లల సంబంధాలు పాతపట్నం, టెక్కలి వైపు. జబ్బు చేస్తే శ్రీకాకుళం, విశాఖపట్నం. వేరే రాష్ట్రపు బండి 12 నెలలు దాటి ఇక్కడే ఉంటే, ఉన్న రాష్ట్రపు నంబరు వేయించుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ చెబుతోంది. మేము కాదనడం లేదు. వేయండి మహాప్రభో అంటున్నాం.

మా బండి 2005 నాటి టాటా ఇండిగో మెరీనా, డీజిల్. ఆంధ్రలో కొన్న పాత స్టేషన్ వ్యాగన్. టైమింగ్ బెల్టును గడువుకు ముందే మార్పిస్తాం. అది తెగితే ఇంజినే పోతుంది. ఎండాకాలం రాకముందే మెకానిక్ రేడియేటర్ గొట్టాలను ఒక్కొక్కటీ వేళ్లతో నొక్కి, మెత్తబడినదాన్ని పక్కన పడేస్తాడు. ఇదే రకం ఇంజిన్ ఉన్న ఇండికా కారు తయారీ 2018లో ఆగిపోయినా, ఇంజిన్ సామాను ఇంకా దొరుకుతోంది. డిక్కీ తలుపును పైకి నిలిపే రాడ్లకే తిప్పలు. మా నాన్నగారికి నడుము విరిగినప్పుడు వెనక సీటు మడిచి, పరుపు వేసి, ఆయన్ను పడుకోబెట్టి ఈ బండిలోనే విశాఖపట్నం తీసుకెళ్లాం. దారిలో ఎక్కడా మొరాయించలేదు. దీన్ని పాతదని తీసిపారేయడం నా వల్ల కాదు.

రిజిస్ట్రేషన్ పునరుద్ధరణకు వెళ్తే ఇక్కడి ఒడిశా రవాణా ఆఫీసులో, "పాత రికార్డు కంప్యూటర్‌లో కనిపించడం లేదు, అక్కడే ఎక్కించుకు రండి" అంటారు. ఆంధ్ర ఆఫీసుకు వెళ్తే, "ఎన్‌ఓసీ (నిరభ్యంతర పత్రం) ఇచ్చేశాం, ఇక మాకు సంబంధం లేదు" అంటారు. రెండు చోట్లా దరఖాస్తు తీసుకోరు. తీసుకోని దరఖాస్తుకు రసీదు ఎక్కడిది? రసీదు లేకపోతే ఆలస్యం మాదే అవుతుంది. ఆ ఆలస్యానికి కారుకు నెలకు 500 రూపాయల చొప్పున అదనపు రుసుము! తప్పు ఎవరిది, దండుగ ఎవరికి? అసలు రుసుము సంగతి సరేసరి. 2022 ఏప్రిల్‌కు ముందు 600 ఉన్నది 5,000 చేశారు. 20 ఏళ్లు దాటిన కార్లకు 2025 ఆగస్టులో 10,000 చేశారు. బ్రేకులు, పొగ, చక్రాలు పరీక్షించండి. బాగా లేకపోతే ఆపేయండి. బండి ఎలా ఉందో చూడకుండా వయసు చూసి వసూలు చేయడం ఏం న్యాయం?

రాష్ట్రం మారినా మళ్లీ రిజిస్టర్ చేయించక్కర్లేని బీహెచ్ (భారత్) శ్రేణి నంబర్లు 2021లో తెచ్చారు. బదిలీల మీద రాష్ట్రాలు మారే ప్రభుత్వోద్యోగులకు, నాలుగు లేదా అంతకంటే ఎక్కువ రాష్ట్రాల్లో కార్యాలయాలున్న సంస్థల ఉద్యోగులకు అది వర్తిస్తుంది. సంతోషమే. మరి పొద్దున ఒక రాష్ట్రంలో సరుకు కొని సాయంత్రం ఇంకో రాష్ట్రంలో అమ్ముకునే చిన్న వర్తకుడి మాటేమిటి? ఒడిశా సరిహద్దులోనే కాదు, మహారాష్ట్ర వైపు సిరొంచ, ధర్మాబాద్‌లలోనూ మా వంటి కుటుంబాలు ఉన్నాయి. మాకూ ఏదో ఒక దారి చూపండి.

అయ్యా, దయచేసి రెండు రాష్ట్రాల అధికారులను ఒక్కసారి కూర్చోబెట్టి మాట్లాడించండి. పాత రికార్డులు ఎక్కించే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తేల్చండి. అంతవరకు ఆ నెలనెలా 500 ఆపించండి. దరఖాస్తు తీసుకోండి, కనీసం రసీదు ఇవ్వండి. పోలీసులు ఆపిన ప్రతిసారీ బండి దిగి, గడువు దాటిన కాగితం పట్టుకుని, పిల్లల ముందు సంజాయిషీ చెప్పుకోలేకపోతున్నాను.

ఇట్లు,
గజపతి జిల్లా నుంచి ఒక వాహన యజమాని