పాత కోడ్లతో కొత్త బ్యాచ్‌కు పాఠాలు: హన్మకొండ కేంద్రంపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,

విషయం: మెడికల్ కోడింగ్ శిక్షణలో పాత నోట్సు, తప్పు జవాబులు, పరీక్ష ఫీజు, ప్లేస్‌మెంట్ మాట గురించి.

అయ్యా,

మీ హన్మకొండ కేంద్రం విద్యార్థులం, ఇదే పనిలో, అంటే పేషెంట్ రికార్డు చదివి జబ్బులకు, చికిత్సలకు బిల్లు కోడ్లు వేసే పనిలో ఉన్న మా సీనియర్లం కలిసి ఈ లేఖ రాస్తున్నాం. మీరిచ్చిన నోట్సును ఈ ఏడాది కోడ్ పుస్తకాల పక్కన పెట్టి చూసుకున్నాకే రాస్తున్నాం.

నోట్సులో జబ్బుల కోడ్ల కింద దగ్గుకు ఆర్05 అని ఉంది. 2021 అక్టోబర్ 1 నుంచి అంతవరకే వేస్తే ఆ కోడ్ చెల్లదు. ఏ రకం దగ్గో డాక్టర్ రాయకపోతే ఆర్05.9 వేయాలి. కిడ్నీ జబ్బు మూడో దశకు ఎన్18.3 అన్నారు. 2020 అక్టోబర్ నుంచి 3ఎ అయితే ఎన్18.31, 3బి అయితే ఎన్18.32, ఏదో రాయకపోతే ఎన్18.30. డాక్టర్ సేవలు, చికిత్సల కోడ్ల జాబితా అయిన సీపీటీలో కొత్త పేషెంట్ క్లినిక్ విజిట్ కోడ్ 99201ని 2021లోనే తీసేశారు, మీ నోట్సులో మాత్రం ఇంకా ఉంది. పేషెంట్ హిస్టరీ, డాక్టర్ చేసిన శరీర పరీక్ష (ఎగ్జామ్) పాయింట్లు లెక్కపెట్టి విజిట్ లెవెల్, అంటే ఏ స్థాయి బిల్లు వేయాలో తేల్చమంటున్నారు. ఆ లెక్క క్లినిక్ విజిట్లకు 2021లో, ఆస్పత్రి, ఎమర్జెన్సీ విజిట్లకు 2023లో పోయింది. ఇప్పుడు మెడికల్ డెసిషన్ మేకింగ్ (డాక్టర్ తీసుకున్న నిర్ణయం ఎంత క్లిష్టమైందన్నది) గానీ, డాక్టర్ వెచ్చించిన సమయం గానీ చూడాలి. ఎమర్జెన్సీలో సమయం లెక్కలోకి రాదు.

పాత కోడ్ వేస్తే సాఫ్ట్‌వేరే ఆపుతుంది, దిద్దుకోవచ్చు. మా అసలు బాధ చార్ట్, అంటే పేషెంట్ రికార్డు చదవడం తప్పుగా నేర్పుతున్నారని. ప్రాక్టీస్ షీట్‌లో ఒక అవుట్‌పేషెంట్ చార్ట్ ఉంది: జ్వరం, దగ్గు, ‘ప్రాబబుల్ న్యుమోనియా’, ఎక్స్‌రేకు పంపారు. మీ జవాబు న్యుమోనియా కోడ్ జె18.9. అవుట్‌పేషెంట్‌లో ప్రాబబుల్, సస్పెక్టెడ్, రూల్ అవుట్ అని, అంటే ఇంకా తేలలేదని రాసిన జబ్బుకు కోడ్ వేయకూడదు. లక్షణాలకే వేయాలి: జ్వరానికి ఆర్50.9, దగ్గుకు ఆర్05.9. ఇన్‌పేషెంట్ అయి, డిశ్చార్జ్ నాటికీ డాక్టర్ అలాగే రాస్తే అప్పుడు వేయొచ్చు. జె18.9 చెల్లే కోడే కాబట్టి సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు. తేలని జబ్బు మాత్రం ఆ పేషెంట్ రికార్డులోకి ఎక్కి కూర్చుంటుంది. ఇంకో చార్ట్‌లో టైప్ 2 షుగర్, కిడ్నీ జబ్బు 3ఎ, మెట్‌ఫార్మిన్ వాడకం ఉన్నాయి. మీ జవాబు ఇ11.9 (వేరే ఏ ఇబ్బందీ తేని షుగర్), ఎన్18.3. ఈ రెంటికీ సంబంధం లేదని డాక్టర్ స్పష్టంగా రాస్తే తప్ప, ఉన్నట్టే తీసుకోవాలి. అంటే షుగర్‌తో వచ్చిన కిడ్నీ జబ్బుకు ఇ11.22, దశకు ఎన్18.31, మాత్రలకు జెడ్79.84. ఇది ఏ గైడ్‌లైన్ ప్రకారమని అడిగితే మళ్ళీ జవాబు షీటే చూపిస్తున్నారు.

కోడర్ సర్టిఫికెట్ ఇచ్చే సీపీసీ పరీక్షలో 100 ప్రశ్నలకు 4 గంటలు, అంటే ప్రశ్నకు రెండున్నర నిమిషాలు కూడా లేవు. 70 శాతం రావాలి. పుస్తకాలు చూసి రాసే పరీక్షకు కోడ్లు బట్టీ పట్టిస్తే ఏం లాభం? ఇండెక్స్‌లో పదం పట్టుకుని, ట్యాబ్యులర్‌కు (కోడ్ల వరుస పట్టికకు) వెళ్ళి, అక్కడి ఎక్స్‌క్లూడ్స్ నోట్ (ఆ కోడ్ కిందికి ఏవి రావో చెప్పే గమనిక) చదివి బయటపడే వేగం రావాలి. అది రోజూ పుస్తకం తిప్పితేనే వస్తుంది. బ్యాచ్ మొత్తానికి రెండే పుస్తకాల సెట్లు ఇచ్చి, మిగతా అందరికీ ఫోన్లో పీడీఎఫ్ పంపితే రాదు.

కరపత్రంలో ‘కోర్సు అవగానే సర్టిఫైడ్ కోడర్’ అని వేశారు. అనుభవం లేనివాళ్ళు పరీక్ష పాసైనా వచ్చేది సీపీసీ-ఎ, అంటే అప్రెంటిస్ హోదా. చివరి ‘ఎ’ పోవాలంటే రెండేళ్ళ అనుభవమో, ఏడాది అనుభవంతో పాటు 80 గంటల శిక్షణకు రుజువో చూపాలి. నర్సంపేట, పరకాల, ములుగు నుంచి రోజూ బస్సెక్కి వచ్చే బీఫార్మసీ, బీఎస్సీ పిల్లల తల్లిదండ్రులకు ఈ మాట చేర్చుకునేటప్పుడే చెప్పాలి. ఏఆర్ కాలింగ్‌కు పంపి దాన్నీ కోడింగ్ ప్లేస్‌మెంట్ కింద రాసుకుంటున్నారు. అది అమెరికా ఇన్సూరెన్స్ కంపెనీలకు ఫోన్ చేసి బాకీ క్లెయిముల సంగతి కనుక్కునే ఉద్యోగం. మంచి ఉద్యోగమే, కానీ కోడింగ్ అనుభవంగా చూపడానికి పనికిరాదు.

15 రోజుల్లో ప్రతి ఇద్దరికీ ఈ ఏడాది పుస్తకాల సెట్ ఒకటి ఇవ్వండి. జవాబు షీట్లన్నీ గైడ్‌లైన్ సెక్షన్ నంబరుతో సహా దిద్ది ఇవ్వండి. పరీక్ష ఖర్చు ఫీజులోనే ఉందని మీ రసీదులో ఉంది కాబట్టి ఇప్పుడు విడిగా అడుగుతున్న పరీక్ష సంస్థ సభ్యత్వం, పరీక్ష డబ్బు మీరే కట్టండి. మానేస్తామన్నవారికి మిగిలిన ఫీజు వాపసు ఇవ్వండి. లేదంటే రసీదులు, కరపత్రం, జవాబు షీట్లు జతచేసి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాం.

ఇట్లు,
హన్మకొండ కేంద్రం విద్యార్థులు, సీనియర్ కోడర్లు