పాత రేసు ఆటలకు 50 హెర్ట్జ్ పెట్టండి

సంపాదకులకు,

విజయవాడ సైన్స్ ప్రదర్శనల్లో ఎమ్యులేటర్ (పాత కంప్యూటర్‌ను అనుకరించే ప్రోగ్రామ్) మీద పాత రేసు ఆటలు చూపేవారికి ఒక మాట. 1986 నాటి సెగా 'అవుట్ రన్' ఆర్కేడ్ (నాణెం వేసి ఆడే) యంత్రంలో రెండు 68000 ప్రాసెసర్లతో పాటు, దూరాన్నిబట్టి బొమ్మను పెంచి తగ్గించే ప్రత్యేక సర్క్యూట్లు ఉండేవి. ఇంట్లో వాడే కమొడోర్ 64 కంప్యూటర్‌లో అవి లేవు. దాని స్ప్రైట్‌ను (తెరపై కదిలే బొమ్మను) రెండింతలు చేయగలమే గానీ కావలసిన సైజుకు మార్చలేం. కాబట్టి ఒకే చెట్టును రకరకాల సైజుల్లో ముందే గీసి 64 కేబీ మెమరీలో ఇరికించాలి. చెట్టు దగ్గరికొస్తూ గెంతినట్టు కనిపించేది అందుకే, ఎమ్యులేటర్ లోపం కాదు. స్పెక్ట్రమ్ అనే మరో ఇంటి కంప్యూటర్‌లో 8×8 చుక్కల గడికి రెండే రంగులు. రంగులు ఒకదాని మీదికొకటి పాకకుండా 'చేజ్ హెచ్‌క్యూ' అనే కారు ఆట దృశ్యాన్ని దాదాపు ఏకరంగులో ఉంచారు, సరైన నిర్ణయమే. ఈ ఆటల ఐరోపా ప్రతులు 50 హెర్ట్జ్‌కు, అంటే సెకనుకు 50 సార్లు తెర మారే టీవీలకు రాసినవి. 60లో నడిపితే ఆట, సంగీతం 20 శాతం దాకా వేగమెక్కుతాయి. సెట్టింగుల్లో 'పాల్' (ఐరోపా 50 హెర్ట్జ్ టీవీ పద్ధతి) ఎంచుకోండి.

– ఒక పాఠకుడు, గవర్నర్‌పేట, విజయవాడ