మంచు వల్ల కాదండీ, లైబ్రరీల వల్ల

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో స్కాండినేవియన్ (స్వీడన్, నార్వే, డెన్మార్క్) క్రైమ్ నవలల మీద, వాటితో వస్తున్న సినిమాలు సిరీస్‌ల మీద పెద్ద వ్యాసమే వేశారు. సంతోషం, మన పేపర్లలో ఇలాంటివి రావడమే తక్కువ. కానీ అందులో ఒకటే మాట తిప్పి తిప్పి చెప్పారు, అక్కడ మంచు, చీకటి, ఒంటరితనం ఎక్కువ కాబట్టి అంత చిక్కటి కథలు పుడతాయి అని. యూట్యూబ్ రివ్యూల్లో కూడా ఇదే పాట. నాకు మాత్రం మింగుడు పడలేదు. చలీ చీకటీ అక్కడ వేల ఏళ్ళ నుంచీ ఉన్నాయి కదా, ఈ నవలలు ప్రపంచమంతా అమ్ముడుపోతున్నది మాత్రం మొన్న మొన్నటి నుంచి.

మంచే కారణమైతే 2017లో వచ్చిన ‘ద స్నోమ్యాన్’ సినిమా బ్లాక్‌బస్టర్ అవ్వాలి. నార్వే రచయిత జో నెస్బో నవల, పేరులోనే మంచు, షూటింగ్ నార్వేలో, హీరో మైకేల్ ఫాస్‌బెండర్. ఘోరంగా పోయింది. నార్వేలో షూటింగ్‌కి టైమ్ చాలక స్క్రిప్టులో పది పదిహేను శాతం అసలు తీయనే లేదని డైరెక్టర్ తొమాస్ ఆల్ఫ్రెడ్‌సన్ తర్వాత తనే చెప్పాడు. ఇదే మనిషి 2008లో స్వీడన్‌లో ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ తీస్తే జనం నెత్తిన పెట్టుకున్నారు. డైరెక్టర్ అతనే, మంచూ అదే. ఇంకోపక్క స్వీడన్, డెన్మార్క్ వాళ్ళ ‘ద బ్రిడ్జ్’ సిరీస్‌ని అమెరికా వాళ్ళు 2013లో తీసుకెళ్ళి మెక్సికో బోర్డర్ దగ్గర ఎల్ పాసో ఎండలో పెట్టారు, ఒక్క మంచు రేణువు లేకుండా రెండు సీజన్లు నడిచింది. అదే ఏడాది దాన్నే ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య సముద్రం కింద సొరంగంలోకీ దించారు, అక్కడా ఆడింది.

అంటే పట్టు ఎక్కడో వేరే చోట ఉంది. ఆ ‘ద బ్రిడ్జ్’నే చూడండి. 2011లో స్వీడన్, డెన్మార్క్ టీవీలు కలిసి తీశాయి. రెండు దేశాలని కలిపే ఓరెసుండ్ వంతెన మీద రాత్రి లైట్లు ఆరిపోతాయి, వెలిగేసరికి సరిగ్గా సరిహద్దు గీత మీద ఒక ఆడమనిషి శవం. సగం ఇటు, సగం అటు. రెండు దేశాల పోలీసులూ వస్తారు, కేసు స్వీడన్ వాళ్ళదే అని ఒక మాట అనుకుంటారు, తీరా శవాన్ని లేపబోతే నడుము దగ్గర విడిపోతుంది. పై సగం స్వీడన్‌లోని మాల్మో నగర రాజకీయ నాయకురాలిది, కింద సగం డెన్మార్క్‌లో కనిపించకుండా పోయిన ఒక సెక్స్ వర్కర్‌ది. ఇదంతా మొదట్లోనే వస్తుంది కాబట్టి చూడని వాళ్ళ సస్పెన్స్ పాడుచేశానని తిట్టుకోకండి. ఆ షాక్ కోసమే అయితే ఏ చెత్త థ్రిల్లర్‌లోనైనా దొరుకుతుంది. ఇక్కడ సంగతి ఏంటంటే, నాయకురాలు చచ్చిపోతే రెండు దేశాల పోలీసు బలగం దిగింది, మరి ఆ రెండో ఆవిడ కనిపించకుండా పోయినప్పుడు ఎంతమంది వెతికారు అని ఆ హంతకుడే అడుగుతాడు. చట్టం ముందు అందరూ సమానమే అని గొప్పలు పోయే దేశాన్ని అడుగుతున్నాడు. అదండీ దెబ్బ. ఆ ప్రశ్న మన పోలీస్ స్టేషన్ల ముందు నిలబడి కూడా అడగొచ్చు, మంచుతో పనేముంది.

ఈ అలవాటు ఈ మధ్య వచ్చింది కూడా కాదు. 1965 నుంచి 1975 దాకా స్వీడన్‌లో మాయ్ షోవల్, పేర్ వాలో అనే జంట పది నవలలు రాశారు, మార్టిన్ బెక్ అనే పోలీసాయన కథలు. ఇద్దరూ జర్నలిస్టులే, వామపక్షం. పిల్లలు పడుకున్నాక రాత్రిళ్ళు కూర్చుని ఒక చాప్టర్ ఈయన, ఒక చాప్టర్ ఆవిడ రాసేవాళ్ళట. వాళ్ళ పోలీసు హీరో కాదు, ఎప్పుడూ జలుబు, కడుపు నొప్పి, ఇంట్లో భార్యతో పడదు, కేసేమో నెలల తరబడి కదలదు. సంక్షేమ రాజ్యం అని ప్రపంచమంతా మెచ్చుకుంటున్న స్వీడన్ లోపల ఏం కుళ్ళుతోందో చూపించడానికే క్రైమ్ నవలని వాడుకున్నారు. తర్వాత 1991లో హెన్నింగ్ మాన్కెల్ అనే రచయిత వలాండర్ అనే డిటెక్టివ్ నవలల్ని మొదలుపెట్టింది కూడా స్వీడన్‌లో వలస వచ్చిన వాళ్ళ మీద పెరుగుతున్న ద్వేషం చూసి. ఇంకో స్వీడన్ రచయిత స్టీగ్ లార్సన్ అయితే ఫాసిస్టు గుంపుల మీద పరిశోధన చేసే ‘ఎక్స్‌పో’ పత్రికలో పనిచేసిన మనిషి. 2004లో 50 ఏళ్ళకే గుండెపోటుతో పోయాడు, మొదటి నవల 2005లో వచ్చింది, తన పుస్తకం ఒక్కటీ షాపులో చూసుకోలేదు. ఆ పుస్తకాలు కోట్లలో అమ్ముడుపోతే, పెళ్ళి చేసుకోకుండా ఏళ్ళ తరబడి కలిసి బతికిన సహచరికి చట్టం ప్రకారం పైసా రాలేదు, మొత్తం తండ్రికీ తమ్ముడికీ వెళ్ళింది. ఆడవాళ్ళకి జరిగే అన్యాయం మీద నవలలు రాసినాయన వారసత్వం ఇలా తేలింది, ఏం చెప్తాం.

ఇప్పుడు అసలు విషయం. ధైర్యంగా రాసేవాళ్ళు అన్ని దేశాల్లో ఉంటారు, వాళ్ళకి అన్నం ఎవరు పెడతారన్నది ప్రశ్న. లైబ్రరీల్లో తమ పుస్తకాలు ఉన్నందుకు రచయితలకి ప్రభుత్వం డబ్బులిచ్చే పద్ధతి ప్రపంచంలో మొదట పెట్టింది డెన్మార్క్, 1946లో. మరుసటి ఏడాది నార్వే, 1954లో స్వీడన్. నార్వే 1965 నుంచి ఇంకో మెట్టు ఎక్కింది, అక్కడి భాషలో వచ్చే కొత్త నవలలు నాణ్యత ఉన్నాయనుకుంటే సర్కారే కొని దేశమంతా లైబ్రరీలకి పంచుతుంది, మొదలుపెట్టినప్పుడు ఒక్కో టైటిల్ వెయ్యి కాపీలు. అంటే పబ్లిషర్ చేయి కాలదు, కొత్త రచయిత మొదటి పుస్తకం ఆడకపోయినా రెండోది రాయగలడు. వేరే భాషల్లోకి అనువాదాలకి ఖర్చు భరించడానికి 1978 నుంచి నార్లా అనే సంస్థ విడిగా ఉంది. పుస్తకాల మీద నార్వేలో వ్యాట్ లేదు, స్వీడన్ 2002లో 25 శాతం నుంచి 6కి దించింది. అన్నీ పూలబాటే అని కాదు, డెన్మార్క్ పుస్తకాల మీద దశాబ్దాల పాటు 25 శాతం బాదింది, ఈ విషయంలో మన దేశమే నయం.

జనం చదవడం కూడా అలాగే ఉంది. నార్వేలో ఈస్టర్ సెలవులంటే కొండ మీద ఇంటికి పోయి క్రైమ్ నవల చదవడం, పాల ప్యాకెట్ల మీద కూడా చిన్న క్రైమ్ కథలు వేస్తారు. ఇది ఎలా మొదలైందో మీ పత్రికల వాళ్ళకి నచ్చుతుంది. 1923లో ఈస్టర్ ముందు ‘రాత్రి బెర్గెన్ రైలు దోపిడీ’ అని ఒక పెద్ద దినపత్రిక మొదటి పేజీలో పైనే వచ్చింది, జనం నిజం వార్త అనుకుని హడలిపోయారు, తీరా చూస్తే అది కొత్త నవల ప్రకటన!

టీవీ సంగతికొస్తే డెన్మార్క్ ప్రసార సంస్థ డీఆర్ గురించి మీ వ్యాసంలో ఒక్క లైన్ లేదు, వాళ్ళ ‘ద కిల్లింగ్’ సిరీస్ హీరోయిన్ స్వెట్టర్ గురించి మాత్రం ఒక పేరా ఉంది. (స్వెట్టర్ బావుంటుంది, కాదనను.) డీఆర్ ప్రజల డబ్బుతో నడిచే సంస్థ, మన దూరదర్శన్ లాంటిదే, కాకపోతే మంత్రుల శంకుస్థాపనలు చూపించడమే పనిగా పెట్టుకోదు. వాళ్ళ డ్రామా విభాగం కొన్ని నియమాలు పెట్టుకుంది. కథ రైటర్‌ది, చివరిదాకా రైటర్ మాటే చెల్లాలి. పైన నడిచే కథ కింద సమాజం గురించి రెండో కథ ఒకటి ఉండి తీరాలి. అందుకే 2007లో సోరెన్ స్వైస్ట్రప్ రాసిన ‘ద కిల్లింగ్’ ఒక్క అమ్మాయి హత్య మీద 20 ఎపిసోడ్లు నడిచింది, ఎపిసోడ్‌కి ఒక రోజు. పోలీసులు ఎంతసేపు కనిపిస్తారో ఆ అమ్మాయి అమ్మానాన్నలూ ఇంచుమించు అంతసేపు కనిపిస్తారు. తండ్రి ఇంటి సామాన్లు షిఫ్ట్ చేసే వ్యాపారం చేసుకునే మామూలు మనిషి. హంతకుడు ఎవరన్నది పక్కన పెడితే, కూతురు పోయిన ఇంట్లో మర్నాడు పనులు ఎలా సాగుతాయి, మిగిలిన పిల్లలకి ఏం చెప్తారు, ఇవన్నీ చూపించే ఓపిక ఏ ప్రైవేట్ ఛానెల్‌కి ఉంటుంది చెప్పండి? బీబీసీ ఫోర్ 2011లో దీన్ని సబ్‌టైటిల్స్‌తోనే వేస్తే డేనిష్ ఒక్క ముక్క రాని ఇంగ్లీషు వాళ్ళు కళ్ళార్పకుండా చూశారు. అది ఒక్క రాత్రిలో తగిలిన లాటరీ కూడా కాదు, అంతకుముందే 2002 నుంచి మొదలుపెట్టి డీఆర్ డ్రామాలు ఇంటర్నేషనల్ ఎమ్మీ టీవీ అవార్డులు వరసగా కొడుతూనే ఉన్నాయి.

ఒకటి ఒప్పుకోవాలి, ఇప్పుడు ఓటీటీలో ఆ బ్రాండు మీద వచ్చేవాటిలో చాలా వరకు నకళ్ళే. నీలం రంగు ఫిల్టరు, నిద్రలేని డిటెక్టివ్, ఒక అమ్మాయి శవం, హత్యలేమో రాన్రాను ఇంకా విచిత్రంగా. ఆ రెండో కథ మాత్రం మాయం. అసలు సొంత దేశాన్ని ప్రశ్న అడగకుండా వట్టి చీకటి చూపిస్తే అది కరెంటు పోయిన ఇల్లే.

మనకి ఇది కొత్తేం కాదని కూడా గుర్తు చేయాలి. యద్దనపూడి సులోచనారాణి గారి నవలలు ‘జీవన తరంగాలు’, ‘సెక్రటరీ’ సినిమాలయ్యాయి, యండమూరి ‘అభిలాష’ 1983లో తెర మీదకొచ్చింది, అందులో ఉరిశిక్ష ఉండాలా వద్దా అన్న చర్చని థ్రిల్లర్‌లో పెట్టి మాస్ హీరోతో ఆడించారు. డీఆర్ వాళ్ళు తర్వాత రూల్ రాసుకున్నది మనవాళ్ళు రూల్ లేకుండానే చేశారు. కాకపోతే ఆ నవలల్ని మోసింది వీక్లీలు, అద్దె లైబ్రరీలు. అవి పోయాక ఆ స్థానంలో ఇంకేదీ రాలేదు. డెన్మార్క్ జనాభా 60 లక్షలు, తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్ళు 2011 లెక్కల్లోనే 8 కోట్లు, అయినా కొత్త నవల వెయ్యి కాపీలు వేయడానికి మన పబ్లిషర్ చేతులు వణుకుతాయి.

పోనీ మన దగ్గర డబ్బు లేదా అంటే, 1960 గ్రంథాలయాల చట్టం కింద మన ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు లైబ్రరీ సెస్సు కడుతూనే ఉన్నాం. వసూలైన సెస్సు గ్రంథాలయ సంస్థలకి సరిగా జమ కావట్లేదని మీ పేపర్లోనే అప్పుడప్పుడు చిన్న వార్త చూస్తుంటా. నేను వెళ్ళే శాఖా గ్రంథాలయంలో పోటీ పరీక్షల గైడ్లు, పాత నవలలు తప్ప కొత్త తెలుగు నవల కనపడి ఎన్నాళ్ళయిందో. గైడ్లు వద్దనట్లేదు, పిల్లలకి అవసరమే.

కాబట్టి మీకు నా విన్నపం, స్వీడన్ మంచు మీద ఇంకో వ్యాసం వేసే ముందు మీ జిల్లా రిపోర్టర్లతో ఈ లెక్క తీయించండి. ఏ మునిసిపాలిటీ లైబ్రరీ సెస్సు ఎంత వసూలు చేసింది, అందులో ఎంత జమ చేసింది, దాంట్లోంచి కొత్త తెలుగు పుస్తకాలకి ఎంత పోయింది. ఆదివారం అనుబంధంలో రంగుల్లో వేయకపోయినా పర్లేదు, లోపల జిల్లా పేజీలో వేసినా చాలు.

ఇట్లు,
ఒక పాఠకుడు, గుంటూరు జిల్లా